అంచున నిలబడ్డ పొన్నమ్మ

ఈ వయసులో నన్ను కెమెరా దుకాణానికి లాక్కుపోవాలన్న ఆలోచన హారికకు తప్ప ఇంకెవరికీ రాదు. నెల్లూరులో బస్సు దిగింది మొదలు నేను ఎండ మీదా, నా మోకాళ్ల మీదా, ఆ పిల్ల మీదా సణుగుతూనే ఉన్నాను. "నువ్వొచ్చి ఒక్కసారి కన్నేస్తే చాలక్కా, నువ్వు సరే అన్నదే తీసుకుంటా" అని వారం రోజులుగా నా ప్రాణం తోడేసింది. బోగోలు చుట్టుపక్కల జాలర్ల పాలేల్లో సీమంతాలకూ ఓణీల ఫంక్షన్లకూ ఫోటోలు తీస్తుంది హారిక. వయసుకు చూస్తే నాకు మనవరాలంతది, అయినా అక్కా అనే పిలుస్తుంది. వాళ్ల అమ్మ వల్లి కూడా అక్కా అనే అంటుంది. మా నాయన స్టూడియోలో నేను కెమెరా పట్టిన నాటి నుంచి మా ఊరికి నేను స్టూడియో అక్కను. ఆ పిలుపు ఇప్పటికీ అరగలేదు, నేనే అరిగిపోయాను.

దుకాణాయన పేరు మస్తాన్. అద్దాల బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, రెండు లెన్సులు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. రెండూ వైడ్ యాంగిల్ జూమ్‌లే. హారికకు అదే కావాలి. పాలెం ఇళ్లలో ముందు గది అంటే రెండు మంచాలు వేస్తే నిండిపోయే గది. అందులో పెళ్లికూతురూ అత్తలూ పిన్నమ్మలూ పిలకాయలూ చేరాక ఫోటో తీసే మనిషి వీపుకు గోడ తగులుతుంది. ఆమె కెమెరాతో వచ్చిన లెన్సులో సగం మందే పడతారు, మిగతా సగం మంది అలుగుతారు. లెన్సు మీద అంకె ఎంత చిన్నదైతే అది అంత వెడల్పు చూస్తుంది. జూమ్ అయితే చుట్టూ ఉన్న పట్టీ తిప్పి ఆ వెడల్పు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఒకటి పన్నెండు నుంచి ఇరవై నాలుగు, రెండోది పదహారు నుంచి ముప్పై అయిదు. హారిక చూపంతా ఆ పన్నెండు మీదే ఉంది.

"పన్నెండుదే తీసుకో మా," అన్నాడు మస్తాన్. "రాకెట్ పొయ్యేటప్పుడు సముద్రం ఒడ్డున నిలబడి నొక్కితే ఆకాశం మొత్తం వచ్చేస్తది."

"రాకెట్ కూడా వస్తదా అబ్బయ్యా, అగ్గిపుల్ల మాదిరి?" అన్నాను నేను.

ఆయన పెద్దగా నవ్వి, పన్నెండుదాన్ని హారిక కెమెరాకు బిగించి ఇచ్చాడు. ఆ పిల్ల గోడ దాకా వెనక్కి పోయి దుకాణమంతా కలయజూసింది. మస్తాన్ బల్లకు ఆ చివరన నిలబడి ఉన్నాడు. హారిక ఫక్కున నవ్వింది. "అక్కా, ఇట్ట రా, చూడు! మస్తానన్న అంచులో పడినాడు. మొగం ఎంత వెడల్పు అయిపోయిందో చూడు. అచ్చం మా అమ్మమ్మ మొగం మాదిరి!"

నేను బల్ల పట్టుకొని నిలబడ్డాను. హారిక వాళ్ల అమ్మమ్మ పేరు పొన్నమ్మ. ఆమె పోయి నలభై ఏళ్లు దాటింది. వాళ్లింటి గోడ మీద దండ వేసిన ఆమె ఫోటో నేను తీసిందే, నేను కడిగిందే, నేను పెద్దది చేసి ఇచ్చిందే. ఆ ఫోటోలోని మొగం పొన్నమ్మది కాదు. ఆ సంగతి తెలిసిన దాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

ఆ నాటి మా ఇల్లు బోగోలు బజారువీధిలో ఉండేది. ముందు గది స్టూడియో, వెనక వంటిల్లు, మధ్యలో కిటికీ లేని చీకటి గది. ఆ గది మొదట్లో అమ్మ ఊరగాయలు పెట్టుకునే గది. నాయన దాన్ని డార్క్‌రూమ్ చేశాడు కానీ అమ్మ జాడీలు బయటికి తీయనియ్యలేదు. ఒక అరలో ఆవకాయ, మాగాయ; కింది అరలో ఫోటోలు కడిగే మందులు, డెవలపరూ హైపో సీసాలు. తలుపు తీస్తే ఆవపిండి ఘాటూ మందుల పులుపూ కలిసి ముక్కు అదిరిపోయేది. మా ఇంటికొచ్చిన చుట్టాలు అన్నంలో ఆవకాయ కలుపుకొని, "ఏందో కొంచెం ఫోటో వాసన వస్తా ఉండాది వదినా" అనేవాళ్లు. అమ్మ మూతి ముడుచుకునేది. నాయన మాత్రం ఇంకొంచెం వేయించుకునేవాడు.

మా బావి నీళ్లు ఉప్పు. ఉప్పునీళ్లతో కడిగితే ఫోటోల మీద తెల్లటి పొడ పట్టేది. అందుకని తెల్లారగానే అమ్మా నేనూ ఊరి చివర మంచినీళ్ల బావికి పోయి నాలుగు బిందెలు తెచ్చేవాళ్లం. అందులో మొదటి రెండు బిందెలు ఫోటోలకు. మిగిలింది మాకు. "మనుషులకు ఉప్పు నీళ్లు, బొమ్మలకు మంచి నీళ్లా? ఈ కొంపలో నేను బొమ్మనై పుట్టినా బాగుండు" అని అమ్మ రోజూ అనేది, రోజూ మోసేది. కడిగిన ఫోటోలు వసారాలో బట్టల తీగ మీద క్లిప్పులతో వేలాడేవి. మా రవికల పక్కనే ఎవరెవరి పెళ్లికూతుళ్లో, తాతలో గాలికి ఊగుతుండేవాళ్లు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ వాళ్లతో మాట్లాడేది. "ఈ పిల్ల కళ్లు మూసేసినాది చూడు. పెళ్లిరోజు అంత నిద్దరేందే నీకు?" అనేది. నాకు నవ్వాగేది కాదు.

నాయన దగ్గర ఒక మామూలు లెన్సు మాత్రమే ఉండేది. గ్రూపు ఫోటో అంటే ఆయన వెనక్కి నడవడమే. మెట్లు దిగి, వాకిలి దాటి, వీధి మధ్యకు పోయి, సైకిళ్లను ఆపి, "ఆగండయ్యా, ఒక్క నిమిషం" అని అందరినీ బతిమాలి, అప్పుడు నొక్కేవాడు. ఒకసారి అలాగే నడిచి నడిచి మురిక్కాలవలో పడ్డాడు, కెమెరా మాత్రం తలపైన పట్టుకొని. ఆయనకొక అలవాటు ఉండేది. ఎంతమంది నిలబడ్డా సరే, వరసకు ఈ చివర ఒక ఖాళీ కుర్చీ, ఆ చివర ఒక ఖాళీ కుర్చీ వేయించేవాడు. జనం వింతగా చూసేవాళ్లు. "ఫోటోకి అంచులు ఉండేది కుర్చీలకు. మనుషులను ఆడ నిలబెట్టబాకండి" అనేవాడు. ప్రింటు వేసేటప్పుడు ఆ కుర్చీలను కత్తిరించి పారేసేవాడు. కాగితం దండగ కదా అని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

గ్రూపులో ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పాల్సిన పని ఫోటోగ్రాఫరుకు ఉండదు. ఇంటి పెద్ద నడిమధ్య కుర్చీలో కూర్చుంటాడు. ఆయన పక్కన పెద్దకొడుకు, అల్లుళ్లు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లు మధ్యకు, ఎవరి మాట చెల్లదో వాళ్లు అంచుకు, వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. అంచున మిగిలేది కొత్తగా వచ్చిన కోడలు, మొగుడు పోయి పుట్టింటికి చేరిన మేనత్త, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ చివరి నిమిషంలో వచ్చేవాళ్లు. బతుకు మొత్తం మీద ఒక్క ఫోటో ఉండేది కూడా వాళ్లకే. నాయన కుర్చీలు వేసేది వాళ్లకోసమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నాకు పందొమ్మిదేళ్లు నిండేసరికి నాయన కళ్లకు పొరలు వచ్చాయి. ఎదురుగా ఉన్న మనిషి పొగమంచులో ఉన్నట్టు కనపడేవాడట. కెమెరా నా చేతికి వచ్చింది. అదే నెలలో నాయన స్నేహితుడొకాయన మద్రాసు నుంచి ఒక పాత లెన్సు తెచ్చిపెట్టాడు, ఇరవై నాలుగుది, వైడ్ యాంగిల్. అబ్బ, ఎంత పొంగిపోయానో! ఇక వెనక్కి నడవక్కర్లేదు, వీధిలో ఎవరినీ బతిమాలక్కర్లేదు, మురిక్కాలవలో పడక్కర్లేదు. గదిలో మూల నిలబడి నొక్కితే గది మొత్తం వచ్చేసేది. నాయనకు రానిది నాకు వచ్చిందని నా పొగరు. ఆయన మంచం మీంచి, "అంచులు చూసుకో మా" అంటే, "చూసుకుంటాలే నాయనా" అనేదాన్ని. చూసుకోలేదు.

పాలెంలో చెంగమ్మ ఇంట్లో ఆమె చిన్నకొడుకు తాంబూలాలకు నన్ను పిలిచారు. చెంగమ్మను నేను అత్తా అనేదాన్ని. గంప నెత్తిన పెట్టుకొని చేపలమ్ముతూ మా వీధికి వచ్చేది, గట్టి మనిషి, ఆమె కేక వీధి మలుపులో వినపడితే అమ్మ గిన్నె తీసేది. ఆ రోజు వాన. బయట నిలబెట్టి తీసే దారి లేదు. గదిలో పద్నాలుగు మంది ఇరుక్కుని నిలబడ్డారు, కుర్చీలు పెట్టే సందే లేదు. నొక్కబోతుంటే పెద్దకోడలు పొన్నమ్మ వంటింటి గుమ్మంలో కనపడింది. పులికాటు చెరువు అవతల పల్లె పిల్ల. తల్లీ తండ్రీ లేరు, మేనమామ పెంచి ఇచ్చాడు. కొండ మీద గుళ్లో పెళ్లి, ఫోటోలు లేవు. అప్పటికి ఆరో నెల. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"నేనెందుకులే అక్కా. పొయ్యి మీద కూర ఉండాది," అంది.

"రా మా, నీక్కూడా చోటుంది. ఈ లెన్సులో అందరూ పడతారు," అన్నాను. గొప్పగా అన్నాను. నలుగురూ వినాలని అన్నాను.

వచ్చి కుడివైపు చివర, తలుపు పక్కన నిలబడింది. చిన్నగా నవ్వింది. నొక్కాను.

ఆ నవ్వే మిగిలింది. మూడు నెలలకు ఆడపిల్ల పుట్టింది, పురిటి జ్వరంతో వారం తిరక్కుండా పొన్నమ్మ పోయింది. పిల్ల తండ్రి ఏడాది తిరిగేలోగా ఇంకో పెళ్లి చేసుకొని వేరే పాలేనికి వెళ్లిపోయాడు. పసిపిల్ల వల్లిని చెంగమ్మే సాకింది. ఒకరోజు ఆ పిల్లను చంకనేసుకొని, చేపల గంప లేకుండా, మా స్టూడియోకు వచ్చింది. గంప లేకుండా ఆమెను చూడడం అదే మొదలు. పాత చీర ముక్కలో చుట్టిన గ్రూపు ఫోటో తీసి బల్ల మీద పెట్టి, చివరనున్న పొన్నమ్మ మీద వేలు పెట్టింది. "దీన్నొక్కదాన్నే పెద్దది చేసి ఈ మా. ఈ బిడ్డ పెద్దదయినాక, మా అమ్మ యాడుండాది అంటే, ఈడుండాది అని చూపించాల గదా," అంది.

ఎర్రబల్బు వెలుగులో, ఆవకాయ జాడీల పక్కన, మందు పళ్లెంలో ఆ మొగం తేలింది. తేలుతుండగానే నాకు తెలిసిపోయింది. బుగ్గ పక్కకు సాగిపోయింది, ఒక కన్ను రెండోదానికన్నా పెద్దదయింది, కోలగా ఉండాల్సిన మొగం పళ్లెంలా పరుచుకుంది. గ్రూపులో గోరంత మొగం కాబట్టి అప్పుడు ఎవరికీ కనపడలేదు. అరచేతంత చేసేసరికి అది వేరే మనిషి. అంచున నిలబడ్డ మనిషిని మామూలు లెన్సే కొంచెం సాగదీస్తుంది, వైడ్ లెన్సు ఇట్లా లాగేస్తుంది. నాయన కుర్చీలు వేసేది ఇందుకే. బయట మంచం మీంచి నాయన, "ఎట్టొచ్చింది మా?" అని అడిగాడు. "బాగానే వచ్చింది నాయనా," అన్నాను. ఆయనకు కళ్లు కనపడవు కదా. చెప్పడానికి నాకు నామోషీ.

మర్నాడు చెంగమ్మ వచ్చి ఫోటో చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు తిప్పి చూసింది. దూరం పెట్టి చూసింది.

"ఇదెవురు మా?" అంది.

"పొన్నమ్మే కదా అత్తా."

"కాదు మా. పొన్నమ్మది కోలమొగం. ఇంత వెడల్పు ల్యా."

అప్పుడు నేను అన్న మాట నా నోటితోనే చెప్పుకోవాలి, ఇంకెవరూ నా తరఫున చెప్పరు. "ఫోటో అబద్ధం చెప్పదత్తా. మనిషి పోయినాక మనకు వేరేగా గుర్తుంటది. ఆమె ఇట్టానే ఉండేది. నువ్వే మర్చిపోయినావు," అన్నాను. కళ్లారా చూసుకున్న కోడల్ని, ఒక్క కంచంలో తిన్న కోడల్ని, మర్చిపోయావని చెప్పాను. చెంగమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. వీధి వీధంతా హడలెత్తించే ఆ గొంతు, "నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్తే అంతేలే," అని ఊరుకుంది. ఫోటోను పసిపిల్ల మొగం ముందు పెట్టి, "ఇదిగో మీ అమ్మ," అంది.

తర్వాత ఎప్పుడో, కళ్లకు ఆపరేషన్ అయి నాయన మళ్లీ డార్క్‌రూమ్‌లోకి వచ్చాక, మాటల్లో మాటగా చెప్పాడు. అంచు మొగం సాగితే, పెద్దది చేసేటప్పుడు కాగితం పెట్టే పలకను ఒక వైపుకు వాల్చాలట. నిలువున కాస్త సాగి మొగం మళ్లీ తన దారికి వస్తుందట. అంతే. పలక కింద ఒక అగ్గిపెట్టె పెడితే సరిపోయేదట. ఆ రోజు మంచం మీంచి ఆయన అడిగినప్పుడు ఒక్క మాట నిజం చెప్పి ఉంటే! అప్పటికి వల్లికి ఆరేడేళ్లు. రోజూ పొద్దున ఆ ఫోటోకి దణ్ణం పెట్టుకొని బడికి పోతోంది. ఇప్పుడు మార్చి ఇవ్వాలంటే ముందు నేను అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. పిరికిదాన్ని. గమ్మునున్నాను. వాళ్లింటికి ఎప్పుడు పోయినా ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

ఒక సంగతి మాత్రం ఇన్నేళ్లూ నన్ను తింటూనే ఉంది. బడి ఫోటో కోసం వల్లి మా స్టూడియోకు వచ్చింది. తల దువ్వుకోమని అద్దం ముందు నిలబెట్టి నేను కెమెరా సర్దుకుంటున్నాను. తిరిగి చూస్తే ఆ పిల్ల రెండు వేళ్లు నోట్లో పెట్టి బుగ్గలు పక్కలకు లాగుతోంది. "ఏం చేస్తున్నావే?" అన్నాను. "మా అమ్మ మాదిరి ఉండానా అక్కా?" అని అడిగింది. ఆ పిల్లది కోలమొగం.

ఇదంతా నెల్లూరు దుకాణంలో బల్ల పట్టుకొని నిలబడ్డ ఆ కాస్త సేపట్లో నా కళ్ల ముందు తిరిగిపోయింది. హారిక నవ్వు ఆగిపోయిందని అప్పుడు గమనించాను. కెమెరా కంటికి ఆనించుకొని మస్తాన్‌ను చూస్తోంది. పక్కకు తిప్పి ఆయన్ను మధ్యలోకి తెచ్చింది. మళ్లీ అంచుకు పంపింది. మళ్లీ మధ్యకు తెచ్చింది. మస్తాన్ పాపం, "ఏందిమా, నేను అంత బాగుండానా?" అన్నాడు. ఆ పిల్ల కెమెరా దించి నా వైపు చూసింది.

"అక్కా, మా అమ్మమ్మ ఆ గ్రూపులో యాడ నిలబడింది?"

నలభై ఏళ్ల క్రితం నాకు రాని మాట అప్పుడు వచ్చింది. "అంచులో. తీసింది నేను. చెడగొట్టింది నేను. మీ పెద్దవ్వ చెంగమ్మత్త ఇది పొన్నమ్మ కాదంటే, కాదు నువ్వే మర్చిపోయినావని చెప్పింది కూడా నేనే," అన్నాను. మస్తాన్ ముందే ఏడ్చేశాను. ఆయన గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. హారిక నా పక్కన నేల మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనిపించింది కూడా. ఆ పిల్ల "నెగటివ్ ఉండాదా అక్కా?" అని మాత్రం అడిగింది.

ఉంది. ఎన్నో పారేశాను కానీ దాన్ని పారేయడానికి చేయి రాలేదు. ఇంతకీ ఆ రోజు హారిక పదహారుదే తీసుకుంది. "ముప్పై అయిదు దాకా వెనక్కి వస్తది గదక్కా, మొగాలు చెడవు. మరీ ఇరుకయితేనే పదహారుకు పోతా, అంచున కుర్చీలేస్తా," అంది. మా నాయన కుర్చీల సంగతి ఆ రోజు నేను ఎత్తకముందే అంది. చెప్పాను కాబోలు ఎప్పుడో, గుర్తులేదు.

బిస్కెట్ల డబ్బాలోంచి తీసిన నెగటివ్‌ను హారిక కిటికీ వెలుతురులో కెమెరాతో ఫోటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తెర మీద ఒక గీత, గీత మీద ఒక చుక్క. చుక్కను ఇటు జరిపితే మొగం సన్నబడుతుంది, అటు జరిపితే వెడల్పవుతుంది. మేము చీకటి గదిలో అగ్గిపెట్టె పెట్టి చేసేది ఇప్పుడు వేలితో అయిపోతుంది. ఈ కాలం ఆడపిల్లలు ఫోన్లో ఇట్లాంటి బొత్తమే నొక్కి బుగ్గలు తగ్గించుకుంటారని హారిక చెప్పింది. ఒక్క ఫంక్షన్‌కు వేల ఫోటోలు తీస్తుంది ఆ పిల్ల, నచ్చనివి అప్పటికప్పుడే తుడిచేస్తుంది. పొన్నమ్మకు ఉన్నది ఒక్కటి. చుక్కను కొంచెం జరిపి హారిక ఆగిపోయింది. "యాడ ఆపాలక్కా? ఏది మా అమ్మమ్మో నాకెట్ట తెలుస్తది?" అంది. నాకూ తెలియదు. ఆ మొగాన్ని నేను కెమెరాలోంచి చూసింది ఒక్క నిమిషం. ఆ మొగాన్ని మర్చిపోని మనిషి ఒక్కతే ఉంది.

చెంగమ్మత్తకు ఇప్పుడు ఎనభై దాటింది. కళ్లకు ఆపరేషన్ అయింది, చూపు బాగుంది, నడకే పోయింది. ఆదివారం పొద్దున ఆమె మంచం ముందు స్టూలు వేసి, దాని మీద కంప్యూటర్ పెట్టాం. వల్లి వంటింటి గుమ్మంలో నిలబడింది, చేతులకు పిండి. నేను ముందు చెప్పాల్సింది చెప్పాను. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజమత్తా, అంచున నిలబెట్టి ఆమె మొగం చెడగొట్టింది నేను, అబద్ధం చెప్పింది నేను అన్నాను. చెంగమ్మ తెర వంకే చూస్తోంది. హారిక చుక్క మీద వేలు పెట్టింది.

"జరుపు," అంది చెంగమ్మ. "ఇంకా... ఇంకొంచెం... అయ్యో, జాస్తి అయింది, మళ్లీ చిక్కిపోయింది బిడ్డ. వెనక్కి రా. ఆ... ఆ... ఆపు."

హారిక ఆపింది. తెర మీద కోలమొగం పిల్ల ఒకతె, చిన్నగా నవ్వుతూ, నొక్కేలోగా కూర మాడిపోతుందేమో అన్నట్టు చూస్తోంది. హారిక తెర వైపు చూసి, గుమ్మంలో ఉన్న తల్లి వైపు చూసింది. నేనూ చూశాను. వల్లి పిండి చేత్తోనే తన బుగ్గ తడుముకుంది. "జేజీ, ఇది నేను గదా," అంది నాయనమ్మతో. అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

చెంగమ్మ ఏడవలేదు. నా వైపు తిరిగింది. "నేను ఆరోజే చెప్పినా గదా మా," అంది. "ఇదే మొగమని చెప్పినా గదా. నువ్వు కాదంటివి. ఇన్నేండ్లూ ఈ బిడ్డ మొగంలో వాళ్లమ్మ అగుపడతా ఉంటే, నాకు మతి చెడిందేమో అనుకున్నా. ఒక్క మాట నోరు తెరిచి ఆ బిడ్డకు చెప్పలా, నువ్వు మీ అమ్మ మాదిరే ఉండావని. నా కండ్లను నేనే నమ్మలా." నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. తప్పయిందత్తా అన్నాను. ఇంకేమంటాను. చెంగమ్మ వల్లిని దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకొని, తెరకేసీ ఆమెకేసీ మార్చి మార్చి చూసుకుంటూ ఉండిపోయింది.

పాత ఫోటో తీసేద్దామా అని హారిక అడిగితే వల్లి ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లూ నేను దణ్ణం పెట్టినాది దానికే. అది కూడా ఉండనీ," అంది. మధ్యాహ్నానికి కొడుకులూ కోడళ్లూ మనవలూ చేరారు. కొత్త లెన్సుతో అందరినీ ఒక్క ఫోటో తీస్తానంది హారిక. చెంగమ్మ మంచం గది మధ్యకు లాగారు, అందరూ చుట్టూ నిలబడ్డారు. హారిక రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి వేసింది. నేను ఆ ఇంటి మనిషిని కాదు, అక్కడ నా మాట చెల్లే మొగమూ కాదు. వెళ్లి తలుపు పక్కన, ఆ చివరి కుర్చీ వెనకాల నిలబడ్డాను. హారిక కెమెరా ఎత్తింది.

"ఆగు," అంది చెంగమ్మ. మా చిన్నప్పుడు వీధి మలుపు దాకా వినపడ్డ గొంతు అది, ఇంకా చావలేదు. "మేయ్, స్టూడియో పాపా, ఆడెందుకు నిలబడినావు? మొగం చెడిపోతది. ఇట్టొచ్చి నా పక్కన కూర్చో."

వెళ్లి కూర్చున్నాను.